ఇరవై మూడో నంబరు

బాలకిషన్ సారుకు హాజరు పిలిచే జబ్బు ఉండేది. జబ్బు అన్నది నా మాట కాదు, వాళ్లావిడ మాట. ఛత్రినాక సర్కారు హైస్కూల్లో ఆయన లెక్కలు చెప్పేవాడు, పక్క గదిలో నేను సైన్సు చెప్పేవాణ్ణి. పిల్లల పేర్లు ఆయనకు పట్టేవి కావు. నంబర్లు మాత్రం పదేళ్ల కిందటివైనా నోటికి వచ్చేవి.

సిటీ బస్సులో కమ్మీ పట్టుకుని వేలాడుతూ, "ఎనభై ఐదు బ్యాచ్, పదిహేడు" అనేవాడు. కండక్టరు టికెట్లు కొట్టడం ఆపి "ప్రెజెంట్ సార్" అనేవాడు.

పాత విద్యార్థి రామ్‌చందర్ పెళ్లిలో, మంత్రాల మధ్య పంతులు ఊపిరి తీసుకునే సందు చూసి సారు "ఆరు" అన్నాడు. పెళ్లికొడుకు పీటల మీంచి లేచి నిలబడ్డాడు.

"ఏందల్లుడూ, కూసో" అన్నాడు మామ.

"సార్ కూసోమనలే మామా."

1998లో మా పదో తరగతిలో సరిగ్గా ముప్పై మంది. ఒక్కరు తగ్గినా తరగతిని సంతోష్‌నగర్ బడిలో కలిపేస్తామని పైనుంచి కాగితం వచ్చింది. ఆడపిల్లల్ని అంత దూరం పంపే ఇళ్లు మా బస్తీలో సగం కూడా లేవు. అప్పుడే ఇరవై మూడో నంబరు పూజిత బడి మానేసింది. వాళ్లమ్మ నాగమణమ్మ తాను పనిచేసే లాడ్ బజార్ కార్ఖానాలోనే, లక్కగాజులకు రాళ్లు అతికే పనిలో పెట్టింది.

మానేసినవాళ్ల పేరు ఎర్ర సిరాతో కొట్టేయాలి. సారు కొట్టలేదు. రోజూ "ఇరవై మూడు" అని పిలవడం, కాసేపు ఆగడం, పెన్సిల్‌తో చుక్క పెట్టడం. పిల్లలు కిసుక్కుమనేవారు. హెడ్మాస్టర్ శ్రీహరిరావు గారు తల పట్టుకున్నారు.

"రాని పిల్లను చూపిస్తే దొంగ లెక్క అంటారండీ."

"వచ్చిందని రాస్తలేను సార్, పిలుస్తున్న గంతే. పేరు కొట్టేస్తే రేపు ఆ పిల్ల ఏ ముఖం పెట్టుకొని వస్తది?"

తనిఖీ రోజున అధికారి ఎర్ర కలం తీసి పట్టుకుని కూర్చున్నాడు. సారు ఇరవై మూడో నంబరు పిలిచాడు. మళ్లీ పిలిచాడు. అధికారి రిజిస్టరు తన ముందుకు లాక్కున్నాడు.

"ఇంకొక్కసారి పిలుస్త సార్. ఇరవై మూడు."

"ప్రెజెంట్ సార్."

గుమ్మంలో పూజిత. వేళ్లకు ఇంకా లక్క అంటుకునే ఉంది. వెనక నాగమణమ్మ.

"ఏం జెయ్యాలె సారూ" అందామె అధికారితో. "రోజు పొద్దుగూకంగ ఈ లెక్కల సారు కార్ఖానాకొస్తడు. ఇరవై మూడు అంటడు. పిల్ల లేస్తది, గంటసేపు లెక్కలు చెప్తడు. ఇప్పుడు ఆడోళ్లందరికి నంబర్లిచ్చిండు. నాది నాలుగు. నేను కూడ లేసి నిలవడాలె. గీ లొల్లి పడలేక తోలుకొచ్చిన."

అధికారి నవ్వాపుకోలేక కలానికి మూత పెట్టాడు.

ఆ ఏడాది ముప్పై మందికి ముప్పై మందీ పాసయ్యారు. ఫలితాల పేపరు నా బీరువాలో ఇప్పటికీ ఉంది, అడిగినవాళ్లకూ అడగనివాళ్లకూ చూపిస్తుంటాను. మరుసటేడు పదిలో నలభై నలుగురు. అందులో ఆరుగురు కార్ఖానా ఆడవాళ్ల కూతుళ్లే.

2001లో సారు రిటైరయ్యాడు. మర్నాడు ఉపాధ్యాయుల రిజిస్టరులో ఆయన పేరు కొట్టేయాల్సి వచ్చింది. శ్రీహరిరావు గారు ఎర్ర కలం తీశారు, మళ్లీ జేబులో పెట్టుకున్నారు. కిటికీ దగ్గరికి వెళ్లి గొంతు సవరించుకుని, "బాలకిషన్ గారూ" అని పిలిచారు.

"ప్రెజెంట్ సార్" అని ఎదురు చాయ్ హోటల్లోంచి వినిపించింది. సారు కప్పుతో సహా లేచి నిలబడ్డాడు. హెడ్మాస్టర్ కూర్చోమనేదాకా కూర్చోలేదు.