చెప్పులు విడిచి చూసిన కాంక్రీటు లెక్క

పరదేశంలో ఒక అణు విద్యుత్ కర్మాగారంలో ప్రమాదం జరిగిందని పేపర్లలో పడిన ఏడాది అది. పత్తర్‌గట్టి వెనుక గల్లీలో బైండింగ్ పని చేసుకుంటూ ఆదివారాలు చర్చిలో వాక్యం చెప్పేవాణ్ణి. కరిగిన ఇంధనం నేలను తొలుచుకుంటూ పాతాళం దాకా పోతుందని, దాని జోలికి పోయేవాళ్లు అగ్నితో ఆడుతున్నారని ఆ వారం బల్ల గుద్ది చెప్పాను. మా సంఘంలోని యేసురత్నం బిడ్డ సుగుణ ఒక అణు సంస్థ ఆఫీసులో కంప్యూటర్ మీద కట్టేది సరిగ్గా ఆ లెక్కే, కరిగిన ఇంధనం కాంక్రీటు నేలను ఎంత లోతు తొలుస్తుందని. నా మాట విని యేసురత్నం ఆమెను ఉద్యోగం మానమన్నాడు. మర్నాడు సుగుణ మా దుకాణానికి వచ్చింది. "ఒక్కసారి వచ్చి చూడుండ్రి అయ్యగారూ. చూసినంక మీరేం చెప్తే బాపు గదే చేస్తడు."

పొద్దున్నే చార్మినార్ దగ్గర ఆటో ఎక్కాను. బస్సుకైతే చిల్లర చాలు గానీ రెండు మారాలి. నేను పోయే పని విని, నయాపూల్ వంతెన మీద ఆటో డ్రైవర్ రహీమ్ భాయ్ వెనక్కి తిరిగాడు. "కంప్యూటర్ చూడనీకి పోతున్నరా పాస్టర్ సాబ్? నా మీటర్ నిజం చెప్తదో లేదో జర దాన్ని అడుగుండ్రి."

"నీ మీటర్ సంగతి దేవునికే ఎరుక, భాయ్."

సుగుణ ఆఫీసులో కంప్యూటర్ గది ముందు అందరూ చెప్పులు విడుస్తున్నారు. మండుతున్న పొద ముందు మోషే విడిచినట్టు నేనూ విడిచాను. లోపల ఎముకలు కొరికే చలి. సుగుణ కంప్యూటర్‌కు లెక్క అందించే, చిల్లులు పొడిచిన అట్టల కట్టలోంచి ఒక అట్ట తీసి ఇంకొకటి పెట్టింది.

"గిప్పుడు కాంక్రీటుల రాయి రకం మారింది, అయ్యగారూ."

మధ్యాహ్నానికి అచ్చు కాగితాలు వచ్చాయి. పాత రాయితో కట్టిన మొదటి దాంట్లో ఇంధనం తొలిచే గుంత లోతు పెరుగుతూనే పోయింది. మారిన రాయితో కట్టిన రెండో దాంట్లో పోనుపోను నెమ్మదించింది.

"పాతాళం దాకా పోదా మరి?" అన్నాను.

"కరిగిన కాంక్రీటు దాంట్లనే కలుస్తది. ముద్ద పెద్దగయినకొద్దీ వేడి పంచుకుంటది. కానీ మండే గ్యాసు గూడ లేస్తది. ఎక్కడ ఆగుతదో, అసలు ఆగుతదో లేదో ముందుగాల తెలిస్తే నేల మందం పెంచొచ్చు."

గోపురం కట్టబోయేవాడు ముందు కూర్చుని లెక్క చూసుకోవాలన్న వాక్యం ఎన్నిసార్లు చెప్పానో. అట్లా కూర్చున్న మనిషిని అప్పుడే చూశాను.

సాయంత్రం జల్‌పల్లిలో వాళ్లింటికి పోయాం. యేసురత్నం గుమ్మంలోనే నిలబడి ఉన్నాడు. "మాన్పియ్యాల్నా, అయ్యగారూ?"

"మాన్పితే అగ్గి ఆగుతదా? అది ఎంత లోతు పోతదో అడిగేటి పిల్ల నీ ఇంట్ల ఉన్నది. పోనియ్యి."

అతను లోపలికి తిరిగి కేకేశాడు. "రేపు పొద్దుగాల పిల్లకు అన్నం డబ్బా కట్టాలె, యాదికుంచుకోండ్రి."

అగ్నిని చూపి మనుషుల్ని వణికించడం నా పని. ఆ పిల్ల పని దాని ఎదురుగా కూర్చుని, ఎంతవరకు వస్తావని అడగడం. రెండోదానికే ధైర్యం ఎక్కువ కావాలి. అటువంటి కంప్యూటర్ గదికి పోయేవాళ్లు శాలువా మరవకండి. అంత అగ్ని లెక్క చూస్తూ నేను చలికి వణికాను.