సుగుణవ్వ ఆఖరి రేసు

నిన్న పొద్దున మామ ఫోన్ చేసి, అవ్వ పోయింది అన్నాడు.

నమ్మలేదు. వీడియో కాల్ చేసి చూపించమన్నాను. చూశాక కూడా, నిద్రపోతోందేమో సరిగ్గా చూడండి అని వాదించాను.

నన్ను పెంచింది అవ్వే. ఏదీ ఊరికే నమ్మొద్దని నేర్పిందీ ఆమే.

డాక్టర్ మాత్ర రాస్తే ఇంకో డాక్టర్‌ని అడిగేది. చిత్తూరులో మా వీధి మొత్తానికి అదొక జోక్.

దాని వెనక కథ చాలామందికి తెలియదు.

మా సుగుణవ్వ స్కేటింగ్ ఛాంపియన్.

నలభైలలో, యుద్ధం రోజుల్లో, వాళ్ల నాయన బెంగళూరు దండులో, అంటే కంటోన్మెంటులో, మిలిటరీ లారీ డ్రైవర్. క్వార్టర్స్ పక్కనే స్కేటింగ్ రింకు. చెక్క నేల, ఇనుప చక్రాల స్కేట్లు. ఒక్క రౌండ్ స్ప్రింట్‌లో ఆమెను దాటినవాళ్లు లేరు.

గెలిచేకొద్దీ అనుమానం.

డ్రైవర్ కూతురికి అంత స్పీడ్ ఎక్కడిదని రింకు వాళ్లు చక్రాలు ఊడదీసి చూశారు. ఒకసారి వేరే అమ్మాయి స్కేట్లు ఇచ్చి పరిగెత్తమన్నారు. వాటితోనూ గెలిచింది.

అప్పటినుంచి తన స్కేట్లు ఎవరినీ ముట్టనిచ్చేది కాదు, ఫ్రెండ్ గ్రేసును తప్ప.

ఒక ఫైనల్ రోజు రింకు వాళ్లు మళ్లీ చక్రాలు చూసి ఇచ్చారు. స్కేట్లు గ్రేసు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. లైన్ దగ్గరికి పోయేముందు అవ్వ తడిమి చూస్తే, ముందు చక్రం నట్టు వదులు. అలాగే పరిగెత్తి ఉంటే మలుపులో ఊడిపోయేది.

బిగించుకుంది. గెలిచింది. గ్రేసుతో ఒక్క మాట మాట్లాడకుండా ఇంటికొచ్చేసింది.

మళ్లీ స్కేట్లు కట్టలేదు.

పోయినేడాది గ్రేసమ్మ పలమనేరులో కొడుకు దగ్గర ఉందని తెలిసింది. తీసుకుపొమ్మని అవ్వ పట్టుబట్టింది. ఇద్దరూ తొంభై దాటినవాళ్లు. ఇచ్చిన కాఫీ ముట్టకుండా అడిగేసింది.

"గ్రేసూ, ఆ పొద్దు నా నట్టు వదులు చేసింది నువ్వేనా మే?"

గ్రేసమ్మ తడబడలేదు.

"వాళ్లు చూసి ఇచ్చినప్పుడే వదులుగా ఉండె. పానా యాడా దొరకలా. చేత్తోనే బిగిద్దామని తిప్పినా. చెప్దామని వస్తే నువ్వు మొగం తిప్పుకుంటివి."

 అవ్వ చల్లారిపోయిన కాఫీ తాగింది.

తిరిగి వచ్చేటప్పుడు కారులో నన్నడిగింది. "నమ్మచ్చంటావా నాయనా?"

తెలియదన్నాను. నాకు ఇప్పటికీ తెలియదు.

ఆ తరవాత ప్రతి ఆదివారం చర్చి నుంచి రాగానే గ్రేసమ్మకు ఫోన్. నమ్మినావా అవ్వా అని అడిగితే, యాడ, ఇంకా కనుక్కుంటా ఉండా అనేది. గంటసేపు నవ్వుతూ కనుక్కునేది.

నిన్న సాయంత్రం నేను ఇల్లు చేరాక గ్రేసమ్మను కొడుకు కారులో తీసుకొచ్చాడు. ఆమె అవ్వ పాదాలు రెండూ చేతుల్లోకి తీసుకుని కూర్చుండిపోయింది. చాలాసేపు.

ఎవరూ కదపలేదు.

పోయిరా అవ్వా.

అడగాల్సినవన్నీ ఏసయ్యను అడుగు. ఆయన చెప్పింది మాత్రం నమ్ము.

నీ మనసు నెమ్మదిగా ఉండాలి.