అక్క చావనివ్వని మనిషి

అక్క పోయిన సంగతి ఆమె తమ్ముడే వచ్చి చెప్పాడు. నేను లాల్‌పేట్‌లో బొగ్గు డిపో కాంటా దగ్గర ఉన్నాను. లారీల మధ్య నుంచి నడిచి వచ్చి, నేను తూకం చీటీ రాయడం అయ్యేదాకా ఆగాడు. "అక్క సచ్చిపోయింది. పక్కింటి పెద్దమ్మను అక్క కాడ కూసోవెట్టి అచ్చిన. నువ్వు రా" అన్నాడు.

"గా యేడాగాని మాట వట్టుకొని పోతవా?" అని లారీ డ్రైవరు నవ్వాడు. యేడా అంటే మరాఠీలో పిచ్చివాడు. నేను కాంటా వదిలి తమ్ముడి వెంట నడిచాను.

ఈ మాట ముందే ఎందుకు చెబుతున్నానంటే, కథల్లో ఇలాంటి మనిషికి చావంటే తెలియదు. శవం పక్కన కూర్చుని లేపుతూ ఉంటాడు, చదివేవాళ్లు కన్నీళ్లు పెట్టుకుంటారు. ఈయన ఎవరినీ లేపలేదు. చేయాల్సిన పని చేసి వచ్చాడు. అక్క ఉంటే ఈ కథను ఇక్కడి నుంచే మొదలుపెట్టమనేది.

ఆమె మాకు చుట్టం కాదు, గోడ అవతలి క్వార్టరు. ఆదిలాబాద్ వైపు నుంచి రాష్ట్రం దాటి ఈ ఊరికి కోడలిగా వచ్చింది. బడిలో తెలుగు చదువుకున్న మనిషి. భర్తా, పుట్టింట్లో అమ్మానాన్నలూ పోయాక తమ్ముణ్ణి తన దగ్గరికి తెచ్చుకుంది. నలభై దాటినవాడు. అక్షరాలూ లెక్కలూ ఆయనకు పట్టుబడలేదు.

మా గల్లీలో అందరూ తెలుగే మాట్లాడతారు, చదవడం దాదాపు ఎవరికీ రాదు. పిల్లల బడి మరాఠీ. అందుకని గనికి సెలవైన సాయంత్రం అక్క అరుగు మీద చాప వేసి, బల్లార్షా నుంచి ఎవరైనా తెచ్చిన పాత వారపత్రికలోంచి కథ చదివేది. ఆమె ఊపిరి తీసుకోవడానికి ఆగినప్పుడల్లా తమ్ముడు "ఇంగ?" అనేవాడు.

ఒకసారి కథలో ఒక అమాయకుడు వచ్చాడు. ఊరంతా వాణ్ణి చూసి నవ్వింది. చివరికి వాగులో పడ్డ పిల్లను గట్టెక్కించి వాడు మునిగిపోతే, ఊరికి బుద్ధి వచ్చింది. చాప మీది ఆడవాళ్లు కొంగులతో కళ్లు ఒత్తుకున్నారు. తమ్ముడు మాత్రం అడిగాడు: "అక్కా, మరి నేనెప్పుడు సావాలె?"

అక్క పత్రిక మూసి లోపలికి వెళ్లి ఆయనకు అన్నం పెట్టింది.

ఆ తర్వాత ఆమె చదివిన ఏ కథలోనూ అలాంటి మనిషి చావలేదు. నవ్వించడానికి దెబ్బలు తినలేదు, దేవుడి బిడ్డా కాలేదు. బజారుకు పోయి బేరమాడాడు, అలిగాడు, ఇంటికొచ్చాడు. పొట్లాల కాగితాలు చూసి అక్షరాలు కూడబలుక్కున్నవాణ్ణి నేను. పత్రిక అడిగి తెచ్చుకుని చదివితే, అక్కడ అలా లేదని తెలిసింది. ఏమీ అనలేదు. అనడం నా అలవాటు కాదు.

అన్నది మంచిర్యాల నుంచి వచ్చిన ఆమె మేనబావ. ఆ సాయంత్రం అక్క చదివిన కథ ఆయన ముందే చదివి ఉన్నాడు.

"గట్ల లేదు గదనే. వాడు సస్తడు. రాసినాయన రాసింది నువ్వు మార్చుడేంది?"

"రాసినాయనకేంది బావా, సంపుడు అల్కనే, ఒక్క గీతల అయితది. నాకు వీడు పొద్దుగాల లేసి చాయ్ అడుగుతడు."

"ఏడుపు రాకుంటె అది కతనా మరి?"

"మీరు ఏడ్సేతందుకు వాడు సావాల్నా? మంచోల్లు గావాల్నంటె ఊకెనే కాండ్రి, ఎవలొద్దన్నరు?"

చాప మీద అందరూ నవ్వారు. తమ్ముడు "ఇంగ?" అన్నాడు.

అక్క నాతో ఒకసారి అంది: "చాయ్‌ల చక్కెర తక్కువైతే వీడు గిలాస పక్కకు జరుపుతడు, నోరిప్పడు. ఒక్క కతలన్న గసొంటి మనిషున్నడా? అయితే దండం వెడ్తరు, లేకుంటె దంచుతరు."

కేబుల్ వైరు గల్లీలోకి వచ్చాక చాప మీద జనం తగ్గారు. టీవీలోనూ ఆ మనిషే. తలకు దెబ్బ తగిలి బాగవుతాడు, లేదా చస్తాడు. అక్క చాప వేయడం మానలేదు.

ఆమెను సాగనంపిన రోజు నా చెవిన పడ్డ మాట: "ఇగ వీడెన్ని దినాలు? అక్క ఎనుకనే పోతడు." జాలితోనే అన్నారు. నేను ఒప్పుకోను. అది ఆ పత్రికల్లోని ముగింపే. రోజువారీ జమాఖర్చు తప్ప ఏదీ రాయని నేను ఇది రాస్తున్నది అందుకే. ఆయన ఉన్నాడు. మా ఇంట్లో తింటాడు, పడుకోవడానికి తన ఇంటికే పోతాడు. కూరలో ఉప్పు ఎక్కువైతే మా ఆవిడ మొహం మీదే చెబుతాడు.

దినాలు అయ్యాక వచ్చిన సెలవు రోజున ఆయనే చాప వేశాడు. పత్రిక తెచ్చి నా చేతిలో పెట్టాడు. నలుగురి ముందు చదవడం నాకు కొత్త. తడబడుతూనే చదివాను. ఆ కథలోనూ అలాంటి మనిషే వచ్చాడు. జాతరలో తప్పిపోయి రైలు పట్టాల వైపు నడుస్తున్నాడు. కింది వరుసలో ఏముందో నాకు కనిపిస్తూనే ఉంది. అక్కలా అప్పటికప్పుడు కల్పించడం నాకు రాదు. ఆగిపోయాను.

"ఇంగ?" అన్నాడు.

ఆయన నా మొహం చూశాడు, పత్రిక చూశాడు.

"ఇంగేంది, వాడు ఇంటికచ్చిండు" అన్నాడు గట్టిగా, అందరికీ వినబడేలా. "చాయ్ తాగిండు. నువ్వు పేజీ తిప్పు."

తిప్పాను. మా ఆవిడ అందరికీ చాయ్ తెచ్చింది. ఆయన ఒక్క గుక్క తాగి, గ్లాసు పక్కకు జరిపి, నోరిప్పకుండా కూర్చున్నాడు. ఆమె చక్కెర డబ్బా కోసం లోపలికి వెళ్లింది.