నర్సమ్మ తిప్పించిన తీగలు

ఇసకపల్లిలో పుర్రచెయ్యి పోలేరయ్య అంటే తెలియని వాళ్ళు లేరు. అన్నం ఒక్కటే కుడిచేత్తో తినేవాడు. అదైనా చిన్నప్పుడు వాళ్ళమ్మ కామమ్మ గరిటె కాడతో వేళ్ళ మీద వాయించి నేర్పింది కాబట్టి. తక్కిన పనులన్నీ ఎడమచేత్తోనే. వల కూడా ఎడమ పక్క నుంచే విసిరేవాడు. పక్కవాడి నెత్తిన పడుతుందని తెప్ప మీద అతన్ని ఎప్పుడూ ఒక కొసకి తోసేవాళ్ళు. దానికి అతనేమీ బాధపడలేదు. ఏ చేత్తో విసిరారో చూసుకుని పడతాయా చేపలు?

పట్టిన చేపలు బుట్టలో పెట్టుకుని అల్లూరు పోయి ఇల్లిల్లూ తిరిగి అమ్మేవాడు. అక్కడ చర్చి వెనక వీధిలో మగ్దలీనమ్మ అనే ఆవిడ ఉండేది. ఆసుపత్రిలో నర్సుగా చేసి మానేసింది గనక ఊరంతా నర్సమ్మ అనే పిలిచేవారు. భర్త దేవదానం మాస్టారు పోయి అప్పటికి చాలా కాలమైంది. ఆయన గిటారు మాత్రం నడవలో మేకుకి వేలాడుతూ ఉండేది. ఆదివారం చర్చిలో కూతురు సామ్రాజ్యం దాన్ని వాయించేది. యాభై ఏడులోనో ఎనిమిదిలోనో ఒకనాడు ఆ పిల్ల సాధన చేస్తుంటే, పోలేరయ్య బుట్ట దించి వాకిట్లో అట్లాగే నిలబడిపోయాడు. బేరం సంగతే మరిచిపోయాడు.

"ఒక్కసారి ముట్టుకుంటానమ్మా" అన్నాడు చివరికి.

"సబ్బుతో చేతులు రుద్దుకొని రా ముందు. నీ నీచు వాసన నా గోడలక్కూడా అంటుకుంటాది" అంది నర్సమ్మ.

రుద్దుకుని వచ్చాడు. గిటారు చేతికియ్యగానే తలకిందులుగా పట్టుకున్నాడు. మెడ కుడివైపు, పొట్ట ఎడమవైపు. సామ్రాజ్యం పకపకా నవ్వి సరిగ్గా పట్టించింది. అట్లా పట్టుకుంటే వేళ్ళు కట్టెపుల్లల్లా బిగుసుకుపోయాయి. తన వాటాన పట్టుకుంటేనేమో తీగలు తారుమారు. పైన ఉండాల్సిన లావు తీగ కిందికీ, కింద ఉండాల్సిన సన్న తీగ పైకీ వచ్చేశాయి. దీనికి మందు ఒక్కటే అనిపించింది అతనికి.

"తీగలిప్పి నా చేతికి తగినట్టు తిప్పుకుంటానమ్మా" అన్నాడు.

నర్సమ్మకి ఒళ్ళు మండిపోయింది. "ఆ తీగలు ఆయన తన చేత్తో కట్టినయ్యి. ఆదివారం వస్తే నా బిడ్డ వాయించాల. నీకోసం ఒకసారి, దానికోసం ఒకసారి తిప్పేదానికి ఇది గిటారనుకున్నావా, బావి గిలకనుకున్నావా? ఉండేది ఉండేట్టు నేర్చుకుంటే నేర్చుకో. లేదా, బుట్ట నెత్తికెత్తుకో!"

నోరు మంచిది కాదు ఆవిడది. ఏ మాటకామాటే చెప్పుకోవాలి, మనసు మాత్రం మంచిదే. పోలేరయ్య పోయి వాకిటి మెట్ల మీద కూర్చుని పైగుడ్డతో కళ్ళు తుడుచుకున్నాడు. ముప్పై ఏళ్ళ మగాడు గిటారు కోసం కన్నీళ్ళు పెట్టుకోవడం ఇసకపల్లి వాళ్ళు చూసి ఉంటే ఆ పేరే స్థిరపడిపోయేది. లేచి వెళ్ళాడు. మర్నాడు మళ్ళీ వచ్చాడు, చేతులు ముందే కడుక్కుని.

ఉన్నదాన్ని ఉన్నట్టే నేర్చుకున్నాడు. నర్సమ్మ ఒప్పుకున్నాక, గిటారుని సోమవారం తీసుకుపోయేవాడు, శనివారం పొద్దుగూకేలోపు తెచ్చి మేకుకి తగిలించేవాడు. మాస్టారు కట్టిన కీర్తన ఒకటుంది, అది మాత్రం ముట్టరాదు. దాన్ని సామ్రాజ్యం ఒక్కతే వాయించాలని నర్సమ్మ శాసనం. పోలేరయ్య దాన్ని వినేవాడంతే. ఆ తర్వాత సామ్రాజ్యానికి కావలిలో పెళ్ళయింది, గిటారుకి ఆదివారాల పని తప్పింది. అయినా నర్సమ్మ పద్ధతి మార్చలేదు, అతనూ అడగలేదు. అతని మనసులో ఉన్నదల్లా ఒక్కటే: ఎప్పటికైనా ఆ గిటారు తనదవ్వాలి. నెల్లూరు కొట్లో ఇంకోటి వేలాడుతుంటే ఒకసారి మీటి చూసి, మొహం అదోలా పెట్టుకుని తిరిగొచ్చాడు.

తలకిందులు సాధనలో ఒక తమాషా జరిగింది. అందరూ లావు తీగల్ని బొటనవేలితో పైనుంచి నొక్కి మీటుతారు. ఇతనికి అవి కింద ఉన్నాయి గదా, మూడు వేళ్ళు వాటి కింద దూర్చి, వల తాడు లాగినట్టు పైకి లాగేవాడు. మోత ఎక్కడో గుండెల్లో మోగినట్టుండేది. పాటేమో బొటనవేలితో పైన సన్న తీగల మీద నడిపించేవాడు. కళ్ళు మూసుకుని వింటే ఇద్దరు వాయిస్తున్నారనే అనిపించేది.

బుచ్చిరెడ్డిపాలెంలో విజయభాస్కర్ అని పెళ్ళిళ్ళకి పాటల పార్టీ నడిపేవాడు. తను అకార్డియన్ వాయించేవాడు. అల్లూరులో రేడియోలు బాగుచేసే మాల్యాద్రి అతనికి పాత రేడియో వాల్వులతో ఒక యాంప్లిఫయర్ చేసిపెట్టాడు. కిరసనాయిలు డబ్బాలొచ్చే చెక్కపెట్టెలో స్పీకరు బిగించాడు. ఆ పెట్టె చూడ్డానికి వచ్చిన రోజే, మాల్యాద్రి దగ్గర కూర్చుని వాయించుకుంటున్న పోలేరయ్యని విజయభాస్కర్ మొదటిసారి విన్నాడు. కొట్టు ముందర బల్ల మీద కూర్చుని ముగ్గురూ చాలాసేపు చర్చించారు.

"మద్రాసులో నాలుగు తీగలది వచ్చిందంటబ్బా, బేసు గిటారు. అది లేకుంటే పార్టీ కింద లెక్కే లేదంట ఇప్పుడు. ఒకటి తెద్దామా?" అన్నాడు విజయభాస్కర్.

"తెస్తే ఎవరు వాయించేది? పోలేరయ్యన్నది ఎడంచెయ్యి గదా. అట్టాంటిది యాడ దొరుకుతాది?" అన్నాడు మాల్యాద్రి.

"తీగలు తిప్పేస్తే సరిపోలా? ఆ మాటకొస్తే ఈ గిటారుకే తిప్పొచ్చుగా? ఎందుకన్నా నీకీ అవస్థ?" అన్నాడు విజయభాస్కర్, పోలేరయ్య వైపు తిరిగి.

పోలేరయ్య గిటారుని దగ్గరికి లాక్కున్నాడు. "తిప్పబాకండి సామీ. ఒకప్పుడు తిప్పమని నేనే ఏడ్చినా. ఇప్పుడు తిప్పితే నా చేతికి నేనే కొత్తోణ్ణయిపోతా."

మాల్యాద్రి చిన్న మైకు తెచ్చి గిటారు పొట్టకి కట్టాడు. పోలేరయ్య లావు తీగ కింద వేళ్ళు దూర్చి లాగాడు. పెట్టె మీదున్న టీ గ్లాసులు గలగలమన్నాయి. విజయభాస్కర్ మద్రాసు ఊసు మళ్ళీ ఎత్తలేదు.

అప్పటినుంచి పెళ్ళిళ్ళ కాలమంతా పార్టీతోనే తిరిగాడు. సంగం ఊళ్ళో ఒకచోట పెళ్ళికొడుకు పెదనాన్న, "శుభమా అని పెళ్ళి జరుగుతుంటే ఆ ఎడంచెయ్యేందయ్యా ఎదురుగా?" అని గొడవకి దిగాడు. విజయభాస్కర్ పోలేరయ్యని స్పీకరు పెట్టె వెనక కూర్చోబెట్టాడు. పెదనాన్నకి చెయ్యి కనపడలేదు, మోత మాత్రం అందరికన్నా ఆయనకే ఎక్కువ నచ్చింది. ఇట్లాంటి పెద్దమనుషులు ఊరికొకరుంటారు, వాళ్ళ సంగతి వదిలేద్దాం.

అరవై ఏడులో నర్సమ్మకి కళ్ళల్లో పొరలు కమ్మి చూపు పోయింది. మంచం మీది మనిషే అయిపోయింది. పొరుగావిడ తోడుండి చూసుకునేది. ఒక శనివారం పోలేరయ్య గిటారు తగిలించి వెళ్ళాడు. సోమవారం వచ్చేసరికి మేకు ఖాళీ. లోపలికి పోయి చూస్తే మంచం మీద, ఆవిడ పక్కన, తెల్లచీర చింపి కుట్టించిన గుడ్డసంచిలో ఉంది.

"కూర్చో పోలేరయ్యా. ఇంక ఇది నీది. శనివారం మళ్ళీ తెచ్చే పన్లేదు" అంది.

పోలేరయ్య సంచి విప్పి, గిటారుని తన వాటాన ఒళ్ళో పెట్టుకున్నాడు. లావు తీగ పైన ఉంది.

"ఆనాడు మెట్ల మీద కూర్చొని కళ్ళు తుడుచుకున్నావే, నేను కిటికీలోంచి చూసినా. ఇన్నేళ్ళూ నా కడుపులో అదే ఉండాది. నా మొండితనం వల్ల తిరగబడిన తీగలతో ఎంత అగచాట్లు పడ్డావో! మాల్యాద్రిని పిలిపించి నీ చేతికి తిప్పించినా నాయనా. ఆయన కీర్తన వాయించు. నీ చేత్తో వినాలని ఉండాది."

ఆవిడ ఏడుస్తోంది. పోలేరయ్య వేళ్ళు అలవాటుగా అడుగుకి పోయి లావు తీగ కోసం వెతికాయి. దొరికింది సన్న తీగ, కీచుమంది. పైకి పోయాయి, అక్కడా వేరే ఏదో. దాదాపు పదేళ్ళుగా నేర్చిందంతా ఒక్క నిమిషంలో చేతుల్లోంచి జారిపోయింది. శ్రుతి చూసుకుంటున్నానమ్మా అని అబద్ధమాడాడు. ఆఖరికి ఒకే ఒక్క తీగ పట్టుకుని, దాని మీదే మెట్టు మెట్టుగా వెతుక్కుంటూ, విని గుర్తున్న కీర్తనని ఎట్లాగో చివరికి చేర్చాడు. చొక్కా తడిసి ముద్దయింది.

"సులువుగా ఉండాదా ఇప్పుడు?"

"ఎందుకుండదమ్మా!"

"అయితే ఆదివారం ఆదివారం వచ్చి వాయించు."

నేరుగా మాల్యాద్రి కొట్టుకి పోయి ఎగిరిపడ్డాడు. "నీకు తెలుసు గదయ్యా! నీ ముందరే గదా చెప్పినా!"

"తెలుసన్నా. ఆయమ్మ చెయ్యి పట్టుకొని ఏడస్తా అడిగితే ఎట్టా కాదనేది?" అంటూ మాల్యాద్రి సొరుగులోంచి ఒక ముక్క తీసిచ్చాడు. గిటారు మెడ చివర తీగలు ఒకదానికొకటి ఒరుసుకోకుండా తన గాట్లలో కూర్చోబెట్టే తెల్లటి ఎముక ముక్క అది. దాని బదులు దువ్వెనలు చేసే కొమ్ముతో నల్లది చేసి పెట్టాడు, లావు తీగ గాటూ సన్న తీగ గాటూ అటుదిటు చేసి. "జిగురు పెట్టలా నేను. తీగలు వదులు చేస్తే ఊడొస్తాది. ఇది పెట్టుకో, మళ్ళీ నీ పాతదే."

అట్లా మొదలైంది. పెళ్ళిళ్ళకి తెల్లముక్క, ఆదివారానికి నల్లముక్క. పెళ్ళి నుంచి వచ్చి తీగలన్నీ విప్పడం, తిప్పడం, బిగించడం, తెగితే కొత్తది కట్టడం. "నా తల దువ్వుకునేదానికి తీరిక లేదు గాని, దానికి మాత్రం దినామూ జడలేస్తుండావు" అని భార్య మస్తానమ్మ దెప్పేది. తిప్పకుండా పోదామంటే కుదరదు. వాయించబోయే ముందు నర్సమ్మ చెయ్యి చాపి, పైనుంచి కిందికి వేలు పోనిచ్చి తడిమేది. "ఆఁ, లావుది పైనే ఉండాది" అని తృప్తిగా కళ్ళు మూసుకునేది. కీర్తన మొదట ఒక తీగ మీద, తర్వాత రెండింటి మీద, ఏడాది తిరిగేసరికి అన్నిటి మీదా వచ్చింది. ఆ వాటాన అతనికి వచ్చిన పాట అదొక్కటే.

అరవై తొమ్మిది వేసవిలో, సంగంలో పెళ్ళి వాయిస్తుండగా నర్సమ్మ పోయిందని కబురొచ్చింది. విజయభాస్కర్ కూడా వెంట వచ్చాడు. వచ్చేసరికి శవపెట్టె నడవలో ఉంది, పాదిరిగారు గడియారం చూసుకుంటున్నారు. కావలి నుంచి వచ్చిన సామ్రాజ్యం ఎదురొచ్చి, "అన్నా, నాన్న కీర్తన వాయించి పంపియ్యి" అంది.

పోలేరయ్య వాకిటి మెట్ల మీద కూర్చున్నాడు. గిటారు మీద తెల్లముక్క ఉంది. తలొంచుకుని తీగలు వదులు చెయ్యడం మొదలుపెట్టాడు. ఒకటి టప్పున తెగింది. జనం గుసగుసలాడారు.

విజయభాస్కర్ వంగి చెవిలో అన్నాడు. "అన్నా, ఇంకెవరు చూస్తారు? నీ పద్ధతిలో వాయించెయ్."

"ఈ పాట నాకు ఈ పక్కనించే వచ్చు" అన్నాడు పోలేరయ్య. చొక్కా జేబులోంచి నల్లముక్క తీసి పెట్టి, తీగలన్నీ తిప్పి బిగించి, శ్రుతి చేశాడు. అందాకా పెట్టె లేవలేదు. పాదిరిగారు గడియారం జేబులో పెట్టేసుకున్నారు.

కీర్తన పూర్తయ్యాక సామ్రాజ్యం పక్కన చతికిలబడి తీగల వంక చూసింది. అతనికి మొదట వేళ్ళు పట్టించింది ఆమే. ఏ పక్కన ఏ తీగ ఉంటే ఇతని చెయ్యి ఆడుతుందో ఆమెకి ఒకరు చెప్పక్కర్లేదు.

"ఇన్నాళ్ళూ ప్రతి ఆదివారం ఇట్టా తిప్పుకుంటా వచ్చినావా అన్నా?"

"మరి, అమ్మ తడిమి చూస్తాది గదమ్మా" అన్నాడు పోలేరయ్య. అని, పైగుడ్డతో కళ్ళు తుడుచుకున్నాడు.