వజ్రమ్మ తగ్గించుకున్న గొంతు

నవాగామ్‌లోని ఆ ఇరుకు గల్లీలో వజ్రమ్మ గొంతు తెలియనివాళ్లు లేరు. సిరిసిల్ల నుంచి కొత్త కోడలిగా సూరత్‌కు వచ్చింది మొదలు మరమగ్గాల మోతలోనే బతికింది. మగ్గం పక్కన మాట వినబడాలంటే అరవాలి, ఆ అరుపు ఇంటికొచ్చినా తగ్గదు. వాళ్లింట్లో ఉప్పు అందుకోమన్నా పక్క గల్లీకి తెలిసేది.

లాక్‌డౌన్‌లో మగ్గాలు ఆగాయి. వాటితోపాటే ఆమె భర్త లక్ష్మీరాజమూ ఆగిపోయాడు. గోడవైపు తిరిగి కూర్చునేవాడు. అన్నం ముట్టడు, కన్ను మూయడు. మగ్గాలు మళ్లీ మొదలైనా మగ్గాల షెడ్డు గడప తొక్కలేదు. గాలి సోకిందని కొందరు, ఒళ్లు బద్ధకమని కొందరు అన్నారు. లోకుల నోటికి మూకుడు లేదు కదా. వజ్రమ్మకు మాత్రం, ఇన్నేళ్ల మోతకు మనిషి తల దిమ్మెక్కిందనీ, నిశ్శబ్దంగా ఉంచితే కోలుకుంటాడనీ తోచింది. టీవీ కట్టేసింది. తన గొంతు తగ్గించుకుంది. వసపిట్టలా వాగే కొడుకు సుమన్ నోరు తెరిస్తే చాలు, వేలు పెదవుల మీద పెట్టేది.

"నాయినకు సప్పుడు పడ్తలేదు బిడ్డా. జర బయటికి పో."

బడులు లేవు. పదిహేనేళ్ల పిల్లాడు, బయటికి పోయాడు. వాడి మాటలకు నవ్వేవాళ్లు అక్కడ దొరికారు. ఎలాంటివాళ్లో ఎవరూ అడగలేదు.

ఒకరోజు షెడ్డు మేస్త్రీ సోమలింగం వాడి చెయ్యి పట్టుకుని లాక్కొచ్చాడు. ఇంకా తెరవని ఒక షెడ్డులో రాగి తీగలు కోస్తుంటే జతగాళ్లు గోడ దూకారు, సుమన్ దొరికాడు.

"షెడ్డు సేఠ్ కాళ్లు పట్టుకున్న వదినా. ఇంకోసారైతే పోలీసులకే ఇస్తడట."

వజ్రమ్మ చీపురు ఎత్తింది. "మగ్గం మీద బతికేటోళ్లం, మగ్గాలకాడనే దొంగతనమా? ఎందుకు పోయినవ్‌రా ఆళ్లెంట?"

సుమన్ తండ్రి వీపు వంక చూస్తూ, అలవాటైన గుసగుసతోనే చెప్పాడు. "ఇంట్ల మాట్లాడద్దంటివి. ఆళ్లు మాట్లాడనిచ్చిన్రు."

చీపురు ఎత్తినది ఎత్తినట్టే ఉండిపోయింది. మొగుణ్ణి కాపాడబోయి కొడుకును గడప దాటించింది తనే. తన నిశ్శబ్దపు వైద్యం ఇక చాలనుకుంది.

మర్నాడు సోమలింగాన్ని తోడు తీసుకుని భర్తను సర్కారు దవాఖానకు తీసుకెళ్లింది. బాధేమిటని డాక్టరు హిందీలో అడిగాడు. లక్ష్మీరాజం నోరు విప్పాడు, తెలుగులోనే.

"ఇంట్ల ఎవ్వలు మాట్లాడ్తలేరు. సచ్చిపోయిన్నేమో అనిపిస్తది."

వజ్రమ్మ కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. సోమలింగం ఆ మాట హిందీలో చెబితే విని, ఇది మనసుకొచ్చే జబ్బని, తగ్గుతుందని చెప్పి డాక్టరు మాత్రలు రాశాడు.

ఆ సాయంత్రమే టీవీ మోగింది. వజ్రమ్మ గొంతు పాత దారి పట్టింది. సుమన్‌ను తండ్రి పక్కన కూర్చోబెట్టి, నోటికొచ్చిందల్లా చెప్పమంది. మాత్రలు మెల్లగా పనిచేశాయి, వాడి వాగుడూ అంతే. లక్ష్మీరాజం అన్నమైతే తింటున్నాడు. ముఖం మాత్రం గోడవైపే.

ఒక సాయంత్రం సుమన్, షెడ్డులో నూలు కండెల గంపలో పిల్లి ఈనిన ముచ్చట చెబుతున్నాడు. గల్లీలోంచి ఆ జతగాళ్ల ఈల వినబడింది. వాడి మాట ఆగింది. చూపు వాకిలి మీదికి పోయింది. వాడు లేచాడు. రొట్టె తిప్పుతున్న వజ్రమ్మ అట్లకాడ పక్కన పెట్టి లేవబోయింది.

లక్ష్మీరాజం ఇటు తిరిగాడు.

"యాడికిరా? ముచ్చట సగంల ఇడిసిపెట్టి పోతవా? పిల్లి ఏం జేసిందో చెప్పు."

బయట మళ్లీ ఈల వేశారు. సుమన్ వెళ్లి తలుపేసి వచ్చి తండ్రి ఎదురుగా కూర్చున్నాడు.

"ఏం జేసిందంటే నాయినా..." అని అందుకున్నాడు, పక్క గల్లీకి వినబడేటట్టు.