అమ్మకు పంపిన ఎర్ర గౌను

నా చిన్నప్పుడు ఒక చలికాలమంతా మా అమ్మ ఇంట్లో లేదు. క్షయ వచ్చిందని ఊరికి చాలా దూరంలో ఉన్న దవాఖానలో చేర్పించారు. పిల్లల్ని అక్కడికి రానిచ్చేవారు కాదు. కొత్తవాడలో మా ఇంట్లో బాపు, అంటే మా నాన్న, మగ్గం మీద జంపఖానాలు నేసేవాడు. పదిహేను రోజులకోసారి మగ్గం ఆపి, బస్సెక్కి వెళ్లి అమ్మను చూసి వచ్చేవాడు. వచ్చిన రోజంతా నేను ఆయన అంగీ పట్టుకుని తిరుగుతూ, అమ్మ ఏమన్నదో మళ్లీ మళ్లీ చెప్పించుకునేదాన్ని.

నాకు అప్పుడు ఎనిమిదేళ్లు. అంతకుముందు ఏడాది అమ్మ తన చేత్తో కుట్టిన ఎర్ర ఫ్లానెల్ గౌను నాకు పొట్టిదైపోయింది. చేతులు మోచేతుల దాకా ఎక్కాయి, సంకల దగ్గర పట్టేసేది. అయినా విడిచేదాన్ని కాదు. ఉతికి ఆరేస్తే, ఆరేదాకా దండెం కిందే కూర్చునేదాన్ని. ఎందుకో ఎవరికీ చెప్పలేదు.

ఒక మధ్యాహ్నం నేను బడి నుంచి వచ్చేసరికి, పొద్దున ఉతికి ఆరేసిన గౌను దండెం మీద లేదు. వాకిట్లో ఎండలో మా నాయనమ్మ దాన్ని ఒళ్లో వేసుకుని కుట్లు విప్పుతోంది. అప్పటికే ఒక చెయ్యి ఊడి పక్కన పడుంది. నేను మీదపడి గుంజుకున్నాను. ఇన్నాళ్లూ దాచుకున్న మాట ఏడుపుతో పాటు బయటికొచ్చింది.

"ఇది లేకుంటే అమ్మొచ్చినంక నన్నెట్ల గుర్తుపడ్తది?"

నాయనమ్మ కోప్పడలేదు. గౌనును నా చేతుల్లోనే ఉండనిచ్చి, నన్ను పక్కన కూర్చోబెట్టుకుంది.

"దవాఖానల కిటికీలకెంచి చలి కొడ్తాందట బిడ్డా. మీ అమ్మ చెవులకు టోపీ కుడ్దామని తీసిన. నిన్ను రావద్దన్నరు గని, నీ గౌనును రావద్దనలేదు గద."

చాలాసేపటికి నేనే గౌనును తీసి ఆమె ఒళ్లో పెట్టాను.

వీపు భాగం చెవులు కప్పే టోపీ అయింది. రెండు చేతులూ రెండు మేజోళ్లయ్యాయి. లోపల మెత్తగా ఉండాలని నాయనమ్మ తన పాత చీర ముక్క వేసింది. మగ్గం దగ్గర మిగిలిన నూలు పోగుల్ని పేని దారం చేసింది. ఒక మేజోడు నన్నే కుట్టమంది. సూది మూడుసార్లు వేలికి గుచ్చుకుంది. ఆమె కుట్లు చీమల బారులా సాగుతుంటే, నావి ఒకటి పొడుగు, ఒకటి పొట్టి. సిగ్గేసి విప్పబోతే చెయ్యి పట్టుకుని ఆపింది.

"ఉండనియ్యి. ఎవలు కుట్టిన్రో మీ అమ్మకు తెల్వద్దా?"

ఆ వారమే బాపు వాటిని తీసుకుపోయాడు. తిరిగొచ్చినప్పుడు గడపలోనే ఆపి అడిగాను. ఎక్కువ మాట్లాడే మనిషి కాదు ఆయన. కాళ్లయినా కడుక్కోకుండా అరుగు మీద కూర్చుని చెప్పాడు.

"చూడంగనే నీ గౌనని పోల్చింది. 'పడ్తలేదా దానికి? గంత పెరిగిందా నా బిడ్డ' అని ఏడ్సింది. మళ్ల నవ్వింది. నేనొచ్చేదాంక నీ కుట్ల మీద వేలు తీయలేదు."

నేను ఎంత పెరిగానో ఆ పొట్టి గౌనే వెళ్లి చెప్పింది.

చలి పోయి, ఎండాకాలం కూడా చివరికొచ్చాక అమ్మ ఇంటికొచ్చింది. బస్సు దిగిన ఆ బక్కచిక్కిన మనిషిని చూసి నేనే ఒక్క క్షణం పోల్చుకోలేకపోయాను. ఆమె మాత్రం అంత దూరం నుంచే నన్ను పేరు పెట్టి పిలిచింది.

మనిషి పోలేని చోటికి చేతిపని పోతుందని, గౌను విప్పిన ఆ మధ్యాహ్నం నేర్చుకున్నాను. అమ్మా నాయనమ్మా ఇప్పుడున్న చోటికి మాత్రం అదీ పోదు. అయినా చలి పడగానే, ఇంట్లో ఎవరికో పొట్టిదైన స్వెట్టరు ఒకటి పట్టుకుని ఎండలో కూర్చుంటాను. పక్కింటి పసిపాపకో, పొద్దున్నే వీధి ఊడ్చే ఆమెకో టోపీ తయారవుతుంది. కుడుతున్నంతసేపూ వాళ్లిద్దరూ నా పక్కనే కూర్చున్నట్టుంటుంది. అందుకే తొందరగా ముగించను.