నేను కుదిర్చిన పెండ్లికి నేనే అభ్యంతరం చెప్పాను

మా సంఘంలో పెండ్లి కుదిరితే పాస్టరుగారు వరుసగా మూడు ఆదివారాలు ప్రకటన చదువుతారు. చివర్లో, "ఎవరికైనా అభ్యంతరం ఉంటే ఇప్పుడే తెలియజేయండి" అని ఆగుతారు. ఆ నిశ్శబ్దాన్ని మేము దగ్గుకోవడానికి, పిల్లల్ని గిల్లడానికి వాడుకుంటాం. నాకు బుద్ధి తెలిసినప్పటి నుంచి ఒక్కరూ లేవలేదు. పెండ్లిలో బిరియానీ ఉందని తెలిసిన సంఘం ఎందుకు లేస్తుంది?

పోయిన యేడు నేను లేచాను. అదీ నేనే కుదిర్చిన పెండ్లికి.

పెండ్లికొడుకు మా అక్క కొడుకు. ఎర్రగుంట్ల దగ్గర సిమెంటు ఫ్యాక్టరీలో లారీలు తూకం వేసే ఉద్యోగం. పెండ్లికూతురు మా సంఘం పిల్లే, నా దగ్గర సండేస్కూలు చదివింది. మొదటి ప్రకటనకు నాలుగు రోజుల ముందు వాడు వచ్చి మా వంటింటి గడప మీద కూర్చున్నాడు.

"చిన్నమ్మా, నాకు ఆడోళ్ల మీద మనసు పోదు. ఎప్పుడూ పోలేదు. మగోళ్ల మీదే."

నేను ఉల్లిగడ్డలు తరగడం ఆపలేదు. "ఎవురికన్నా చెప్పినావా?"

"నీకే చెప్తాండా."

"ఇంకెవురికీ చెప్పొద్దు. ఇద్దరం మూడు దినాలు ఉపాసం ఉందాం. పెండ్లయితే అంతా సర్దుకుంటాది."

"ఇంటర్ కాడి నుంచి ఉపాసాలు ఉంటాండా చిన్నమ్మా. గ్యాస్ట్రిక్ వచ్చింది గానీ ఇది పోలేదు."

పెండ్లంటే ఒక పురుషుడు, ఒక స్త్రీ అని బైబిలు వాక్యం నుంచి నేర్చుకున్నదాన్ని. ఇప్పటికీ అదే నమ్ముతాను. నేను మారిపోయానని ఎవరూ సంబరపడొద్దు, ఎవరూ భయపడొద్దు. కానీ ఆ రోజు నా తలలో తిరిగింది వాక్యం కాదు. పెండ్లిపత్రికలు అచ్చుకు ఇచ్చేశామే అని.

మొదటి ప్రకటన అయింది. రెండోదీ అయింది. ఉపవాసం ఉన్నాను. మూడో రోజు దేవుని స్వరం కోసం చెవులు రిక్కిస్తే పొరుగింటి బోరు మోటారు వినిపించింది.

మూడో ప్రకటనకు ముందు శనివారం ఆ పిల్ల మా ఇంటికి వచ్చింది.

"అత్తా, ఆయన ఫోన్లో రెండు మాటలు మాట్లాడి పెట్టేస్తాండాడు. నేను నల్లగా ఉండాననా? పండ్లు ఎత్తుగా ఉండాయనా?"

"సిగ్గు పాపా. వానికి శానా సిగ్గు."

నమ్మేసింది. ముఖానికి ఏదో క్రీము కొన్నానని కూడా చెప్పి నవ్వుతూ వెళ్లింది.

ముసుగు కింద వేరే పిల్లను పెట్టి అల్లుడికి అంటగట్టిన మామ గురించిన బైబిలు కథను ఏటా సండేస్కూల్లో చెబుతాను. ఆ మామను పిల్లల చేత ఛీ అనిపిస్తాను. మరుసటి రోజు చర్చిలో, నా ముందు వరుసలో, క్రీము పూసుకుని కూర్చున్న ఆ పిల్లను చూశాక ఆ ఛీ ఎవరికి చెందాలో తెలిసింది.

పాస్టరుగారు ఆగారు. నేను లేచాను. బయటికి పోతున్నాననుకుని పక్కవాళ్లు మోకాళ్లు ముడుచుకుని దారి ఇచ్చారు.

"నాకు అభ్యంతరం ఉండాది అయ్యగారూ."

ఆయన చేతిలోని కాగితాన్ని తిప్పి వెనక చూశారు. అక్కడ ఏమీ రాసి లేదు. "కారణం?"

వాడి సంగతి చెప్పే హక్కు నాది కాదు. నా తప్పు నాదే. "పిల్లోనికి ఈ పెండ్లి ఇష్టం లేదు. నాతో చెప్పినాడు. నేనే నోరు మూయించినా."

"ఏమ్మే, దయ్యం పట్టిందా నీకు?" అని మా అక్క అరిచింది.

"నిజమేనా నాయనా?" అని పాస్టరుగారు వాణ్ని అడిగారు.

వాడు లేచి నిలబడ్డాడు. "నిజమే అయ్యగారూ."

పెండ్లి ఆగింది. సాయంత్రానికి సంఘం కారణాలు తయారు చేసింది. వాడికి ప్రొద్దుటూరులో ఇంకో భార్య ఉందని కొందరు, నాకు చీర పెట్టలేదన్న కోపమని కొందరు. అక్క ఇప్పటికీ నాతో మాట్లాడదు.

నెల తర్వాత వాడే ఆ పిల్ల ఇంటికి పోయి ఉన్నదున్నట్టు చెప్పి వచ్చాడు. మరుసటి రోజు ఆ పిల్ల నా దగ్గరికి వచ్చింది. కృతజ్ఞత చెబుతుందనుకుని అల్లం వేసి మంచి టీ పెట్టాను.

"మొదటి వారానికి ముందే నీకు తెలుసంట కదా అత్తా."

"తెలుసు పాపా."

"నేనొచ్చి అడిగితే సిగ్గంటివే."

"ఊరికే ఉన్నానా? దినామూ దేవునికి చెప్పుకుంటాంటి..."

"దేవునికి ముందే తెలుసు. తెలీంది నాకు గదా?"

"తప్పయింది పాపా" అన్నాను. ఆ పిల్ల టీ ముట్టుకోకుండా లేచి వెళ్లిపోయింది.